పెదనాన్న మెటాడోర్, ఉప్పునీళ్లు, ఇత్తడి డమ్మీ

పాత మెటాడోర్ వ్యాన్లలో డ్రైవరు పక్కన ఇంజన్ డబ్బా మీద కూర్చుని ప్రయాణం చేసినవాళ్లకు నేను చెప్పబోయేది సగం తెలిసినట్టే. పెళ్లికో తిరుపతికో చుట్టాలంతా బయలుదేరినప్పుడు సీట్లు చాలవు. పిల్లల్లో బక్కపలచనివాళ్లను ఏరి, ఆ డబ్బా మీద దుప్పటి మడిచి వేసి కూర్చోబెట్టేవారు. ఊరు దాటేసరికి దుప్పటి వేడెక్కేది. ఇంకాస్త దూరం పోయాక, ఎవరైనా చోటు మార్చుకుంటారేమోనని పక్కవాళ్ల ముఖాలు చూడటం మొదలయ్యేది. డబ్బా కింద ఏముందని అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాకు మాత్రం పన్నెండేళ్లకే ఆ కింది సంగతులు బాగా తెలుసు. ఒక వేసవి సెలవుల్లో చాలా భాగం నా కుడిచేయి అందులోనే ఉంది.

మా పెదనాన్న మద్రాసులో, పెరంబూరు ఐసీఎఫ్‌లో, అంటే రైలుపెట్టెలు చేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన ఆ కర్మాగారం, స్విట్జర్లాండు సంస్థ సహకారంతో మొదట రైలుపెట్టెల ఇనుప డొల్లలు మాత్రమే తయారుచేసేది. సీట్లు, బెర్తులు, ఫ్యాన్లు, కిటికీలు బిగించే ఫర్నిషింగ్ విభాగం 1962లో వచ్చింది. పెదనాన్న అందులో. ఖాళీ డొల్లలో మనుషులు కాళ్లు చాపుకునే చోటు ఎలా కుదర్చాలన్న లెక్కల్లోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. అందుకే రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి ఒక పాత మెటాడోర్ కొన్నారంటే మాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దమ్మ మాత్రం, "ఇల్లు బాగుచేయించమంటే ఇంటికి చక్రాలు పెడతానంటారేమండీ" అంది.

చక్రాలున్న ఇల్లే అయింది అది. రెండు పక్కలా పగలు కూర్చునే బల్లలు. రాత్రి వీపు ఆనించే పలకను పైకెత్తి గొలుసులకు తగిలిస్తే పై బెర్తులు. రెక్సిను ఆకుపచ్చదే, రైల్లో ఉన్నదే. తలుపు పక్కన కిరసనాయిలు పంపుస్టవ్వు పట్టేంత అర, దానికి లోపల రేకు తొడుగు. మలుపుల్లో గిన్నెలు దొర్లకుండా ప్రతి అరకూ రెండు వేళ్ల ఎత్తు అంచు. నీళ్ల క్యానుకు చిన్న ఇత్తడి కుళాయి. కిటికీ తెరలు పెద్దమ్మ కుట్టింది, తనకు ఇష్టం లేదంటూనే. ఇప్పుడు లక్షలు పోసి క్యారవాన్లు తయారుచేయిస్తున్నారని చదువుతుంటాను. ఫొటోల్లో వాటి అరలకు అంచులు కనిపించవు. ఆ గిన్నెల గతి ఏమవుతుందా అనుకుంటాను.

మెటాడోర్‌ను పుణెలో బజాజ్ టెంపో సంస్థ తయారుచేసేది, జర్మనీ హనోమాగ్ వ్యాను నమూనా మీద. 2005లో ఆ సంస్థ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది. బండి గొప్పతనమంతా ఇంజన్ బలం ముందు చక్రాలకే వెళ్లడంలో ఉంది. వెనక ఇరుసు దాకా బండి కింద పొడవాటి షాఫ్టు అక్కర్లేదు కనుక నేల బాగా కిందికి, చదునుగా వచ్చింది. అంబులెన్సులకూ బడి వ్యాన్లకూ అది అంతగా పనికొచ్చింది అందుకే. స్ట్రెచర్ ఎక్కించాలన్నా, చిన్నపిల్లలు ఎక్కాలన్నా ఎత్తు తక్కువ. పెదనాన్నకు బెర్తులు అంత బాగా కుదిరిందీ అందుకే. అయితే వెనక అంత చోటు ఊరికే రాదు కదా. ఇంజన్, దాని పైపులు, గొట్టాలు, తీగలు అన్నీ డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్య ఒక్క డబ్బాలో కుక్కేసి ఉండేవి. వెనక కాళ్లు చాపుకున్నవాడి హాయికి ముందు మెకానిక్ చేతులు బాకీ కట్టాలి. పెదనాన్న దాన్ని లోపమని ఎన్నడూ అనలేదు. "రైలుపెట్టెలోనూ అంతే. ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాగేసుకుంటుంది" అనేవారు.

ఇక నీళ్ల సంగతి. 1993 వేసవిలో మద్రాసులో నీళ్లకు కటకట. అప్పట్లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్ చెరువుల మీద బతికిన నగరం అది. కృష్ణా నీళ్లు పూండికి చేరడానికి ఇంకా మూడేళ్లుంది. వీధి చివర లారీ ఆగిందంటే రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుస కట్టేవి. ఇంటి బోరులో వచ్చేది ఉప్పునీరు. సబ్బు నురగ పట్టదు, పప్పు ఉడకదు. బండి రేడియేటర్‌లో పెదనాన్న కొన్నాళ్లుగా పోస్తున్నవి ఆ నీళ్లే. మెటాడోర్‌కు కూలెంటు కొని పోసేవాళ్లను ఆ రోజుల్లో మేమెరుగం.

నేను గూడూరు నుంచి సెలవులకు వెళ్లేసరికి బండి విపరీతంగా నీళ్లు తాగుతోంది. మొదట చెంబు, తర్వాత బిందె. "ఇంట్లో మనుషులకు లెక్కపెట్టి పోస్తున్నాను, ఆ ఇనుప మొద్దుకు మాత్రం లెక్కాపత్రం లేదు" అని పెద్దమ్మ రుసరుసలాడేది. రేడియేటర్‌లో చిల్లేమోనని పెదనాన్న పసుపు కలిపి పోశారు. పాత డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే అది. సన్నని రంధ్రం దగ్గర పసుపు పేరుకుని తాత్కాలికంగా పూడుస్తుంది. ఈసారి పూడలేదు. పసుపు డబ్బా ఖాళీ అయినందుకు ఇంకో మాట పడింది.

అసలు చోటు వాసన పట్టించింది. కాసేపు తిప్పి తెచ్చాక ఇంజన్ డబ్బాలోంచి 'సుయ్' మని చప్పుడు, వెంటనే తడి తుప్పు మాడిన వాసన. ఎక్కడో నీటిచుక్క కాలిన పొగగొట్టం మీద పడుతోందన్నమాట. రేడియేటర్ ముందుంది, చప్పుడు వెనక నుంచి వస్తోంది. కారడం ఒక్కటే అయితే నీళ్లు పోసుకుంటూ నడుపుకోవచ్చు. కాని రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. లోపల ఒత్తిడి నిలిపితేనే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. ఎక్కడో ఒకచోట చిల్లి పడిందా, ఒత్తిడి నిలవదు. నీళ్లు ముందే మరిగిపోతాయి. ఇంజన్ హెడ్డు వంకరపోతుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు పెద్దమ్మ బిందె లెక్క ఏపాటిది?

అయనావరం నుంచి వచ్చే మేస్త్రీది నెల్లూరు వైపు. డబ్బా మూత తీసి, టార్చిలైటు వేసి, ఒక చెంప ఇంజన్‌కు ఆనించి చాలాసేపు చూశారు. "డమ్మీ పోయింది సార్. వెనక చివరిది, ఎగ్జాస్టు కింద. నా చేయి పట్టదు. ఇంజన్ దింపాల్సిందే" అన్నారు. ఎంసీల్ పెట్టి చూడమని అన్నయ్య సలహా ఇచ్చాడు. తుప్పు మీద అది నిలవదని మేస్త్రీ తల అడ్డంగా ఊపారు. ఆయన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. ఇంజన్ దింపి బల్ల మీద పెట్టుకుంటే అరగంట పని అది. దింపడానికీ ఎక్కించడానికీ ఎన్ని రోజులు పడతాయి, ఆ కూలి ఎవరిస్తారు అన్నదే తగువు. పెదనాన్న కాసేపు మౌనంగా ఉండి, "ఇంకోసారి చూద్దాంలే" అన్నారు. రిటైరైన మనిషికి రోజులకేం కొదవ?

డమ్మీ అంటే ఏమిటో ఆ సాయంత్రం అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పారు. ఇంజన్ బ్లాకును పోత పోస్తారు. లోపల సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ ఉండాలి కనుక అంత మేరా ఇసుకతో చేసిన అచ్చు పెట్టి, దాని చుట్టూ కరిగిన ఇనుము పోస్తారు. ఆ ఇసుక ముద్దను అచ్చులో కదలకుండా పట్టి ఉంచడానికీ, ఇనుము చల్లారాక ఇసుకను రాల్చి తీసేయడానికీ పక్కల గుండ్రటి రంధ్రాలు మిగుల్చుతారు. తర్వాత వాటిని పలచటి రేకు గిన్నెలతో బిగించి మూసేస్తారు. అవే డమ్మీలు. చలిదేశాల్లో, నీళ్లు గడ్డకట్టినప్పుడు ఊడివచ్చి బ్లాకును పగలకుండా కాపాడేవి ఇవేనని చాలామంది నమ్ముతారట. మా పెరంబూరులో నీళ్లు గడ్డకట్టే ప్రమాదం లేదు. మాకు ఉప్పు చాలు. బ్లాకు గోడ మందం, రేకు గిన్నె పలచన. తుప్పు ముందు తినేది దాన్నే.

మర్నాడు కత్తిరి ఎండలో పని మొదలైంది. బండిని వేపచెట్టు కిందికి తోశాం. పక్క సీటు విప్పి బయట పెట్టాం. డబ్బా మూత తీశాక, ఎగ్జాస్టుకూ పక్కనున్న ఇనుప గోడకూ మధ్య కనిపించిన సందు జానెడు కూడా లేదు. పెదనాన్న చేయి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అన్నయ్యది ఇంకాస్త ముందుకు వెళ్లి, గడియారం తీసేసినా అక్కడే ఆగింది. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

"తల్లీ, ఇలా రా. గాజులు తీసేయ్."

పెద్దమ్మ బొట్టుపెట్టె అద్దాన్ని ఊడదీసి కర్రపుల్లకు కట్టి సందులోకి దింపాం. అద్దంలో డమ్మీ కనిపించింది, నాణెమంత గుండ్రంగా, మధ్యలో ఎర్రటి చారతో. కాని అద్దం చూస్తూ పనిచేయడం కుదరలేదు. కుడి ఎడమవుతుంది, వేలు ఒకవైపు పోతే కన్ను ఇంకోవైపు పిలుస్తుంది. పెదనాన్న అద్దం తీసేసి, "కళ్లు మూసుకో. వేలు ఏం చెబుతోందో అది చెప్పు" అన్నారు. మూసుకున్నాను. ముందు జిడ్డు, నూనె, మట్టి కలిసి అట్టకట్టిన పొర. తర్వాత పైపు అడుగు. దాని కింద చల్లగా ఇనుము. ఆ ఇనుములో ఒక్కసారిగా చిన్న పల్లం, దాని అంచు గోటికి తగిలేంత పదును. పల్లం అడుగున గోరు నొక్కితే రేకు అప్పడం ముక్కలా విరిగి వేలు లోపలికి దిగిపోయింది. ముంజేయి మీదుగా వెచ్చటి ఎర్రనీళ్లు మోచేతి దాకా కారాయి. నేను అరిచాను. పెదనాన్న సంతోషంగా, "అదే!" అన్నారు.

పాతదాన్ని తీయడం పెద్ద పని కాలేదు, అది అప్పటికే సగం లేదు. ఒక అంచున స్క్రూడ్రైవరు ఆనించి మెల్లగా తడితే గిన్నె అడ్డం తిరుగుతుంది, అప్పుడు పట్టకారుతో లాగేయాలి. బలంగా కొట్టకూడదు. దాని వెనకే సిలిండర్ గోడ ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే ఈ చిన్న పని పెద్దదవుతుంది. ఆ రంధ్రంలోంచి వంచిన తీగతో గీరి గీరి తీస్తే వచ్చిన బురదను పెదనాన్న పాత సిబ్బిలో పోసి చూపించారు. ఎర్రగా తుప్పు, మధ్యమధ్య తెల్లటి పెళ్లలు. మా ఇంటి బోరు నీళ్లలోని ఉప్పంతా అక్కడ గూడు కట్టుకుని ఉంది. పెద్దమ్మ వచ్చి చూసి ఏమీ అనలేదు. అది ఆమె లెక్కలో పెద్ద విజయం.

కొత్త డమ్మీ కోసం పుదుపేటకు వెళ్లాం. పల్లవన్ బస్సులో ఎగ్మోరు దాకా వెళ్లి, అక్కడి నుంచి నడక. కూవం నది వాసన ముందు ఎదురొస్తుంది, పుదుపేట తర్వాత వస్తుంది. నేలంతా ఏళ్ల తరబడి ఇంకిన నూనెతో నల్లగా, మెత్తగా ఉండేది. ఒక దుకాణం నిండా తలుపులే. ఇంకోదాంట్లో గేర్‌బాక్సులు పేర్చి గోడ కట్టారు, మరోదానికి స్టీరింగు చక్రాల తోరణం. విడిచిన బండ్ల భాగాలన్నీ అక్కడ రకాల వారీగా మళ్లీ పుట్టేవి. పెదనాన్న జేబులోంచి వెర్నియర్ కాలిపర్ తీసి ప్రతి డమ్మీనీ కొలుస్తుంటే దుకాణదారుకు విసుగొచ్చింది, "డమ్మీ కొంటారా, నగ కొంటారా సార్" అని తెలుగులోనే అడిగాడు. పాత వస్తువుల మధ్య కొత్తది దొరకలేదు. చివరికి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కావలసిన కొలతకే ఇత్తడివి ఉన్నాయి. ఇనుపదానికన్నా ధర ఎక్కువ. ఇత్తడికి తుప్పు పట్టదు కదా అని పెదనాన్న అన్ని రంధ్రాలకూ సరిపడా తీసుకున్నారు. ఒకటి పోయిందంటే మిగతావి వరుసలో నిలబడి ఉన్నట్టే.

ఇక దాన్ని బిగించాలి. ఇంజన్ బయట ఉంటే గిన్నెలో ఇమిడే ఇనుప ముక్క ఒకటి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కూర్చుంటుంది. ఇక్కడ సుత్తి ఎత్తడానికి చోటేది? పెదనాన్న రెండు రోజులు ఆ పని ముట్టుకోలేదు. కాగితాల మీద గీతలు గీస్తూ, భోజనానికి పిలిచినా పరధ్యానంగా వచ్చి కూర్చునేవారు. ఆ తర్వాత అయనావరంలో ఒక లేతు షాపుకు వెళ్లి గిన్నెలో సరిగ్గా పట్టే గుండ్రటి ఇనుప బిళ్ల తీయించుకొచ్చారు. దానితోపాటు ఒక లావు బోల్టు, నట్టు, నీటిగొట్టం ముక్క.

ఆ పరికరం ఇలా పనిచేస్తుంది. బోల్టుకు నట్టు ఎక్కించి, కాడను గొట్టంలోకి దూర్చాలి. నట్టు గొట్టం అంచు మీద ఆగుతుంది. బోల్టు తల బిళ్లకు ఆనాలి, బిళ్ల డమ్మీలో ఉండాలి. గొట్టం రెండో కొన ఎదుటి ఇనుప గోడకు, మధ్యలో చిన్న టేకు చెక్క. ఇప్పుడు నట్టును తలకు దూరంగా జరిగేలా తిప్పుతూ పోతే మొత్తం పొడవు పెరుగుతుంది. పెరిగి ఎక్కడికి పోతుంది? గోడ కదలదు, డమ్మీ రంధ్రంలోకి దిగాల్సిందే. బస్సు టైరు మార్చేటప్పుడు ఎత్తే జాకీని అగ్గిపెట్టెలో పట్టేంత చేశారన్నమాట.

రంధ్రం అంచును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాను. డమ్మీ చుట్టూ షెల్లాక్ అనే లక్క జిగురు రాసి అంటించాను. బిళ్లను రెండు వేళ్లతో పట్టుకుని ఉండటం నా పని, బండి కింద పడుకుని స్పానరు తిప్పడం పెదనాన్నది. స్పానరు నోరు కాడకు తిన్నగా ఉండదని ఎప్పుడైనా గమనించారా? 15 డిగ్రీలు వంకరగా ఉంటుంది. అది తయారీలో వచ్చిన అవకరం కాదు, ఇరుకు చోట్ల కోసమే. ఆరు పలకల నట్టుకు మళ్లీ పట్టు దొరకాలంటే మామూలుగా 60 డిగ్రీలు తిప్పాలి. వంకర నోటి స్పానరును ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా పెడుతూ పోతే 30 డిగ్రీల సందులోనే నట్టు ముందుకు నడుస్తుంది. పెదనాన్న కింద నుంచి "వెల్లకిలా... బోర్లా... వెల్లకిలా..." అని తనలో తాను అనుకుంటూ తిప్పుతున్నారు. పైన నేను "ఎడమ అంచు ముందు దిగుతోంది పెదనాన్నా" అంటే ఆపి, టేకు చెక్కను జరిపి, మళ్లీ తిప్పేవారు. ఒకచోట 'కిర్రు' మని సన్నగా వినిపించింది. నా వేలికింద డమ్మీ అంచు బ్లాకుతో సమానమై, ఇంకో నూలు లోపలికి వెళ్లింది. "చాలు" అన్నాను. ఆ ఇంట్లో ఒక పెద్దాయన నా మాట విని పని ఆపడం అదే మొదలు.

షెల్లాక్ ఆరడానికి ఒక రాత్రి వదిలేశాం. పొద్దున లారీ నీళ్లు వచ్చాయి. పెదనాన్న బోరు నీళ్ల బకెట్టు అందుకోబోతుంటే పెద్దమ్మ అడ్డుపడి, తన వంతు బిందె తెచ్చి రేడియేటర్ దగ్గర దించింది. "మళ్లీ ఆ ఉప్పునీళ్లు పోస్తే నేను ఈ బండి ఎక్కను. మంచినీళ్లే పోయండి." ఇంజన్ స్టార్టు చేసి, వేడెక్కేదాకా చుట్టూ నిలబడ్డాం. చుక్క కారలేదు. మేస్త్రీ వచ్చి వేలు పెట్టబోయారు, పట్టలేదు. అద్దం అడిగి చూసుకున్నారు. వెళ్లేటప్పుడు ఆ బోల్టు పరికరం రెండు రోజులకు ఇమ్మని తీసుకెళ్లారు. తిరిగి ఇచ్చినట్టు నాకు గుర్తులేదు.

ఆ తర్వాత పెదనాన్నకు నీళ్ల పిచ్చి పట్టింది. అక్టోబరులో వానలు మొదలవగానే మేడ గొట్టానికి గుడ్డ కట్టి వడపోసిన వాననీళ్లు పీపాల్లో పట్టేవారు, అదంతా రేడియేటర్‌కే. వాననీటిలో ఉప్పుండదు. 2003లో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటా వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు వీధివాళ్లంతా గుంతలు తవ్విస్తుంటే, ఆయన వాలుకుర్చీలో కూర్చుని తాను పదేళ్ల కిందటే మొదలుపెట్టానని దారినపోయేవాళ్లకు చెప్పేవారట. ఎందుకోసమో మాత్రం చెప్పేవారు కాదు.

ఆ బండిలో మేము శ్రీకాళహస్తి వెళ్లాం, మైపాడు సముద్రం ఒడ్డున పడుకున్నాం, సూళ్లూరుపేట దాటి నేలపట్టులో కొంగలను చూశాం. వాటి గురించి రాస్తే ఇంకో పెద్ద వ్యాసమవుతుంది. ఇంజన్ డబ్బా మీద కూర్చునే హక్కు మాత్రం నాదే. కింద వేడి తగులుతుంటే ఏ డమ్మీ ఏ మూల ఉందో లెక్కపెట్టుకునేదాన్ని.

పెదనాన్న చూపు మందగించాక బండి అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చినాయన కోయంబేడు మార్కెట్‌కు కూరగాయలు తోలుతాడట. వెనక తలుపు తీసి, "ఈ బల్లలన్నీ పీకేయాలి" అన్నాడు మొదటి మాటగా. పెదనాన్న నొచ్చుకోలేదు. ఆయన్ని ముందుకు తీసుకెళ్లి, డబ్బా మూత ఎత్తి, టార్చి వేసి, డమ్మీలన్నీ ఇత్తడివి వేయించానని, ఇక జన్మలో తుప్పు పట్టవని, వాననీళ్లు తప్ప పోయలేదని వివరంగా చెప్పుకొచ్చారు. ఆయన మర్యాదకు తల లోపలికి పెట్టి చూసినట్టు చేశాడు. తర్వాత బయటికి వచ్చి నాలుగు టైర్లనూ చెప్పుకాలితో తన్ని చూసి, వాటి అరుగుదలకు ఎంత తగ్గిస్తారని అడిగాడు.